టీ దానంతట అదే వచ్చింది
(మన సఫారీ యాత్రారచనల మీద ఒక పరిశీలన)

గత పది పదిహేనేళ్లుగా మన ఆదివారం అనుబంధాల్లో, వారపత్రికల్లో ఒక కొత్త రకం యాత్రారచన పెరుగుతూ వుంది. వెనక కాశీ, బదరీ, ఆ తర్వాత అమెరికా వున్న చోటికి ఇప్పుడు తూర్పు ఆఫ్రికా వచ్చి చేరింది. కెన్యాలోనో టాంజానియాలోనో వారం రోజులు జీపులో తిరిగి, సింహాన్నీ ఏనుగునూ చూసి వచ్చినవారు రాసేవి ఇవి. రాసేవారు మంచివారే. ఉద్యోగాలు చేసుకుని, పిల్లల చదువులు ముగించి, ఇంత డబ్బు కూడబెట్టుకుని బయలుదేరినవారు. కొందరికి తెలుగు మీద మంచి పట్టు వుంది. ఎవరి పేరూ ఇక్కడ చెప్పబోవడం లేదు, ఎందుకంటే నా తగాదా వ్యక్తులతో కాదు, ధోరణితో. చెప్పదలచుకున్న లోపంలో నాకూ వాటా వుంది. అది చివర చెబుతాను.

ఈ వ్యాసానికి కారణం ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న. హయత్‌నగర్‌లో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. యాత్రారచన పాఠం చెప్పేటప్పుడు, పాఠ్యపుస్తకంలో వున్నది చాలదనిపించి, ఒక ఆదివారం అనుబంధంలోంచి లేక్ మన్యారా జాతీయవనం మీద వచ్చిన వ్యాసం చదివి వినిపించాను. టాంజానియా ఉత్తర భాగంలో, ఒక పక్క నిలువుగా లేచిన కొండగోడ, ఆ గోడ పాదాన ఉప్పునీటి సరస్సు, మధ్యలో ఊటనీటితో పెరిగిన చిక్కని అడవి. చెట్లెక్కి పడుకునే సింహాలు. సరస్సు అంచున గులాబి రంగు చారలా నిలబడ్డ ఫ్లెమింగోలు. నీటి మడుగుల్లో నీటిగుర్రాలు. వ్యాసం బాగుంది, పిల్లలు నోరు తెరిచి విన్నారు. అయిపోయాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, అక్కడ మనుషులుండరా?" అని అడిగింది.

వ్యాసం మళ్లీ చూశాను. మనుషులు లేరు. ఒక్క డ్రైవరు వున్నాడు, ఆయనకు తెల్లని పలువరుస వుంది, ఎప్పుడూ నవ్వుతూ వుంటాడు. అంతే.

ఆ తర్వాత ఇంట్లో పోగుపడ్డ పాత పత్రికల్లోంచి ఇలాంటివి ఏడెనిమిది ఏరి పక్కపక్కన పెట్టుకుని చదివాను. వ్యాకరణం చెప్పి బతికేవాణ్ని కనుక నా చూపు మొదట వాక్యాల మీద పడింది. ఈ రచనల్లో జంతువు ఎప్పుడూ కర్త. సింహం ఆవులించింది, ఏనుగు చెవులు విప్పింది, జిరాఫీ మెడ వంచి చూసింది. మనిషి చేసిన పనికి మాత్రం కర్త లోపించింది. "మేం వెళ్లేసరికి గుడారాలు వేసి వున్నాయి." "వేడినీళ్లు సిద్ధంగా వున్నాయి." "పొద్దున్నే టీ వచ్చింది." గుడారం ఎవరు వేశారు? నీళ్లు ఎవరు మోశారు, ఎంత దూరం నుంచి మోశారు? టీ దానంతట అదే నడుచుకుంటూ వచ్చిందా? తెలుగు వాక్యంలో కర్తను చెప్పకుండా వదిలేసే సౌలభ్యం వుంది. అది భాషకు అందం. కానీ ఆ సౌలభ్యం ఎప్పుడు ఎవరి విషయంలో వాడుకుంటున్నామన్నది చూడాలి. మన ఇళ్లలో గిన్నెలు "తోమబడే" తీరు కూడా ఇదే. దొడ్డి "ఊడ్చి వుంటుంది". వర్గస్వభావం నినాదాల్లోనే బయటపడుతుందనుకోవడం మన విమర్శకు పాత జబ్బు. నా మట్టుకు నాకు అది ఇలాంటి చిన్న చిన్న క్రియాపదాల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది.

మాటల సంగతి ఎలాగూ వచ్చింది కనుక మరో రెండు మాటలు చూద్దాం. ఒకటి, సఫారీ. స్వాహిలీలో ఈ మాటకు ప్రయాణం అని అర్థం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. ఆ సఫరే ఉర్దూలోకీ వచ్చింది. హయత్‌నగర్ బస్సులో ముసలాయన ఊరెళ్లి వస్తూ "సఫర్‌లో అలసిపోయినా" అంటే అది ఇదే మాట. కూలికోసం నడిచేవాడిదీ, సరుకు మోసేవాడిదీ, చావుకబురు విని బయలుదేరేవాడిదీ సఫరే. తెల్లదొరల చేతిలో పడి ఆ మాట తుపాకీ, గుడారం, నెత్తిమీద మూటలతో నడిచే నల్లకూలీల బారు అయింది. ఇప్పుడు పైకప్పు తెరుచుకునే జీపు అయింది. మన రచయితలు ఆ చివరి అర్థాన్ని మాత్రమే దిగుమతి చేసుకుని, అదేదో ఆఫ్రికా అడవి పుట్టించిన మాట అన్నట్టు రాస్తారు.

రెండోది, "బిగ్ ఫైవ్". సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఈ అయిదింటినీ చూడకపోతే డబ్బు దండగ అని ప్రతి వ్యాసంలోనూ వుంది. నాలుగే కనిపించాయని ఒకరు బాధపడ్డారు. ఈ అయిదూ ఎందుకు గొప్పవయ్యాయి? పెద్దవి కనుక కాదు, నీటిగుర్రం వీటిలో లేదు. అందమైనవి కనుక కూడా కాదు. నేల మీద నడిచి వేటాడేవాడికి అత్యంత ప్రమాదకరమైనవి కనుక. అంటే ఇది వేటగాళ్ల పట్టిక. తుపాకీ పోయి కెమెరా వచ్చింది గాని పట్టిక మారలేదు, లెక్కపెట్టుకునే ఆబా మారలేదు. ఇంటికొచ్చి నలుగురికీ చూపించే గోడ మారలేదు. ఆ గోడ మీద తలకాయ బదులు ఫోటో వుంది. (తెలుగులో మనం ఫోటో "దిగుతాం". ఆ మాటలో కొంత వినయం వుంది. ఏనుగుతో ఫోటో దిగినవారు ఒక్కరూ నాకీ వ్యాసాల్లో కనిపించలేదు, అందరూ "తీసినవారే".)

మన్యారా చరిత్ర తీసినా ఇదే వరస. అమెరికన్ రచయిత హెమింగ్వే 1933–34లో ఆ ప్రాంతంలో వేటాడాడు. ఆ వేట మీద 1935లో 'గ్రీన్ హిల్స్ ఆఫ్ ఆఫ్రికా' అనే పుస్తకం ప్రకటించాడు. గొప్ప వచనం. ఆ కొండనూ, ఆ ఎండనూ, ఒళ్లు దాచుకునే జింకనూ అంత పొదుపుగా రాసినవాడు మరొకడు లేడనిపిస్తుంది. తన వెంట నడిచే ఆఫ్రికన్లను కూడా ఆయన చూశాడు, కానీ వేటలో పనికొచ్చేవాడు, పనికిరానివాడు అన్న కొలతతో చూశాడు. శిల్పం ఎంత నిక్కచ్చిగా వున్నా చూపు ఎక్కడ నిలబడి చూస్తున్నదో అది దాచలేదని చెప్పడానికి ఈ పుస్తకం మంచి ఉదాహరణ. దొరలు వేటాడిన ఆ నేల 1957లో రక్షిత వేటప్రాంతమయింది, 1960లో జాతీయవనమయింది. చాలాకాలం పుస్తకాల్లో వున్న లెక్క ప్రకారం విస్తీర్ణం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. నీళ్లు నిండిన ఏడు అందులో మూడింట రెండు వంతులు సరస్సే.

ఇక వ్యాసాల్లో లేని మనుషుల సంగతి. ఆ వనం ద్వారానికి ఆనుకునే మ్తో వా మ్బూ అనే ఊరుంది. స్వాహిలీలో 'దోమల ఏరు' అని అర్థం. ఊరి పేరు చదవగానే మనకు సగం తెలిసిపోతుంది: ఏరుంది, నీరు పారుతుంది, దోమలున్నాయి. దోమలుంటే ఏముంటుంది? వరి వుంటుంది. అవును, ఆ ఊళ్లో మడులు కట్టి, కాలువనీళ్లు పెట్టి, వరి పండిస్తారు. అరటితోటలు వేస్తారు. చుట్టుపక్కల నుంచి ఎన్నో తెగలవారు వచ్చి స్థిరపడ్డ ఊరది. ప్రతి జీపూ ఆ ఊరి మీదుగానే వనంలోకి పోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ, మూసీ కాలువల కిందా వరి నాట్ల మధ్య పుట్టిపెరిగిన మన రచయితలు ఆ మడుల పక్కనుంచే పోయి, ఆ ఆకుపచ్చదనాన్ని చూసి, ఒక్క ముక్క రాయలేదు. ఇదీ నన్ను బాధపెట్టిన విషయం. వలసపాలకుడు చూడకపోవడం వేరు, వాడికి ఆ మడి తెలియదు. మనకు తెలుసు. మోకాటి లోతు బురదలో వంగిన ఆ ఆడమనిషి నడుమునొప్పి మన తల్లులకు తెలుసు. అయినా జీపెక్కగానే మన కళ్లు దొరకళ్లయ్యాయి.

కొందరు మిత్రులు అడగవచ్చు: జంతువులు చూడడానికి పోయినవాడు జంతువుల గురించి రాయక వరి గురించి ఎందుకు రాస్తాడు? న్యాయమైన ప్రశ్నే. జంతువుల గురించే రాయమందాం. జంతువునైనా చూశారా అన్నది నా రెండో ప్రశ్న.

మన్యారా ఏనుగుల గురించి రాసినవారిలో చాలామంది గజేంద్రమోక్షం తలుచుకున్నారు. సహజం. సరస్సు, ఏనుగుల గుంపు కనిపిస్తే తెలుగువాడికి పోతన గుర్తుకురాకుండా ఎలా వుంటాడు? పోతన అష్టమస్కంధంలో ఆ గుంపు దాహంతో మడుగుకు దిగడం, ఆడ ఏనుగులూ గున్నలూ వెంట వుండడం, నీళ్లలో చిందులు, తర్వాత మొసలి పట్టు, ఏళ్లు గడిచే పెనుగులాట, సన్నగిల్లే బలం, ఇవన్నీ ఎంతో దగ్గరగా చూసినట్టు రాశాడు. ఆ అలసట మాత్రం దున్నేవాడికి తెలిసిన అలసట. అయితే ఆ గుంపుకు పెద్ద ఎవరు? మగ ఏనుగు. వెనక వేలకొద్దీ భార్యలు. అది రాజుల అంతఃపురం చూసిన ఊహ. ఆ కాలానికి అది తప్పు కాదు.

కానీ ఇదే మన్యారాలో, 1960ల నడుమ, ఇయన్ డగ్లస్-హామిల్టన్ అనే యువ పరిశోధకుడు ఏళ్ల తరబడి మకాం వేసి, ఒక్కొక్క ఏనుగునూ చెవి అంచునుబట్టి, దంతాన్నిబట్టి గుర్తుపట్టి, పేరుపెట్టి, ఏది ఎవరితో తిరుగుతుందో రాసిపెట్టాడు. తేలిందేమిటి? ఏనుగుల కుటుంబానికి పెద్ద ముసలి ఆడ ఏనుగు. దాని చుట్టూ కూతుళ్లు, చెల్లెళ్లు, గున్నలు. ఎదిగిన మగవి గుంపు విడిచి విడిగా తిరుగుతాయి. నీళ్లెక్కడున్నాయో, కరువులో ఎటు నడవాలో ఆ ముసలిదానికి తెలుసు. ఇది తెలిసిన పాఠకుడికి గజేంద్రమోక్షం తగ్గిపోదు, పైగా మరో రకంగా విచ్చుకుంటుంది. రాచరికపు ఊహ ఎక్కడిదాకా, రైతు చూపు ఎక్కడినుంచి అని విడదీసి చదవగలం. మన సఫారీ రచయితలు, ఆ పరిశోధన జరిగిన నేల మీదే నిలబడి, ముందు నడుస్తున్న ఆడ ఏనుగును చూసి, "గజరాజు ఠీవి"ని వర్ణించారు. మనిషినీ చూడలేదు, ఏనుగునూ చూడలేదు. వెంట తీసుకుపోయిన సమాసాన్ని అక్కడ దింపి వచ్చారు.

ఇంత ఘాటుగా ఎందుకు రాస్తున్నానంటే దీని వెనక ప్రాణాలున్నాయి. మనుషుల్లేని అడవి అనేది ఎక్కడా సహజంగా దొరకదు. తయారుచేయాలి. కెన్యాలో 1904, 1911 ఒప్పందాలతో మసాయిలను రిఫ్టు లోయ పచ్చికబయళ్ల నుంచి కదిలించి దొరలకు భూములిచ్చారు. టాంజానియాలో 1959లో మసాయి పశువుల కాపరులు సెరెంగెటి విడిచి పోవలసివచ్చింది. అదే ఏడు 'సెరెంగెటి చావకూడదు' అనే పేరుతో ఒక జర్మన్ చిత్రం ప్రపంచమంతా ఆడింది. ఇది పాత కథ అనుకోవద్దు. 2022 జూన్‌లో లోలియోండో దగ్గర 1,500 చదరపు కిలోమీటర్ల మేత నేలకు హద్దురాళ్లు పాతుతుంటే మసాయిలు అడ్డుపడ్డారు, కాల్పులు జరిగాయి. ఎన్గోరోన్గోరో నుంచి కాపరి కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరంలోని మ్సోమెరాకు తరలించే పని అదే ఏడు మొదలయింది. మన్యారా చూసినవాళ్లు ఎక్కువమంది మర్నాడు ఎన్గోరోన్గోరోకే పోతారు. ఆ సంవత్సరం తర్వాత పోయి వచ్చినవారి వ్యాసాల్లో కూడా ఈ సంగతి వాసనైనా లేదు. ఎర్రదుప్పటి కప్పుకున్న మసాయి మాత్రం వున్నాడు, రోడ్డుపక్కన, ఫోటోకు డబ్బులడుగుతూ. "వీళ్లకు డబ్బాశ ఎక్కువ" అని ఒకరు రాశారు. మేత పోయినవాడు డబ్బే అడుగుతాడు మరి.

ఇక్కడ కెన్యా రచయిత ఎన్గూగీ వా థియోంగోను గుర్తుచేయాలి. 1977 చివర ఆయన్ని విచారణ లేకుండా నిర్బంధించారు, ఏడాది తర్వాత విడుదలయ్యాడు. ఆ అనుభవం మీద 1981లో వచ్చిన 'డిటెయిన్డ్' పుస్తకంలో, కెన్యాలోని తెల్లదొరల సంస్కృతి అంతా వేట, విందు, గుర్రం చుట్టూ తిరిగిందని చీల్చిచెండాడాడు. 'ఔట్ ఆఫ్ ఆఫ్రికా' రాసిన కారెన్ బ్లిక్సెన్ ఆఫ్రికన్లను ప్రేమించిందని లోకమంతా పొగిడితే, ఆ ప్రేమ జంతువుల మీది ప్రేమ లాంటిదేనని ఎత్తిచూపాడు. ఎన్గూగీ పుస్తకాలను వరవరరావు జైల్లో వుండగానే తెలుగు చేశారు కనుక మన పాఠకులకు ఇది కొత్త కాదు. ఎన్గూగీని చదివిన తెలుగు సమాజమే మళ్లీ ఇలాంటి వ్యాసాలు అచ్చువేసుకుని చదువుకుంటున్నదంటే, ఆ పుస్తకాలు మన అరల్లో చేరాయి గాని మన చూపులోకి రాలేదనుకోవాలి.

ఇంకొక సంగతి. మనవాళ్లలో జిమ్ కార్బెట్ అభిమానులు చాలామంది. నేనూ వాణ్నే. కుమావూ కొండల్లో మనుషుల్ని తినే పులుల్ని చంపిన ఆ మనిషి, 1947లో మనకు స్వాతంత్ర్యం రాగానే కెన్యా వెళ్లి న్యేరీలో స్థిరపడ్డాడు. 1952 ఫిబ్రవరిలో బ్రిటిష్ రాకుమారి ఎలిజబెత్, అబెర్డేర్ అడవిలో నీటిమడుగు పక్కన చెట్టుమీద కట్టిన 'ట్రీటాప్స్' విడిదిలో రాత్రి గడుపుతూ జంతువుల్ని చూస్తున్నప్పుడు కార్బెట్ వెంట వున్నాడు. ఆ రాత్రే తండ్రి చనిపోయి ఆమె రాణి అయింది. ఈ కథ అందరూ రాస్తారు. రెండేళ్ల తర్వాత, 1954లో, భూమి కోసం లేచిన మౌమౌ వీరులు ఆ విడిదిని తగలబెట్టారన్నది ఎవరూ రాయరు. దొరలకు జంతువులు నీళ్లు తాగే చోటు అయిన ఆ అడవి, గికుయూ రైతుకు యుద్ధం చేసే చోటు. ఒకే మడుగు, రెండు చూపులు.

స్వతంత్ర ఆఫ్రికా ప్రభుత్వాలు ఈ వనాల్ని రద్దు చేయలేదు కదా అని ఎవరైనా అనవచ్చు. చేయలేదు. 1961లో జూలియస్ న్యెరెరే అరూషా ప్రకటన ద్వారా వన్యప్రాణుల రక్షణ బాధ్యత స్వీకరించాడు. తనకు సెలవుల్లో మొసళ్లను చూసే సరదా లేదు గాని, వజ్రాలూ నారమొక్కల తర్వాత దేశానికి డబ్బు తెచ్చేవి ఇవేనని ఆయన అన్నట్టు చెబుతారు. పేదదేశపు నాయకుడి చమత్కారం అది, అందులో చేదు కూడా వుంది. ఈ వనాల ఆదాయంతో బడి నడిచిందా, ఆసుపత్రి నడిచిందా, ద్వారం దగ్గరి వరి రైతుకు ఏం దక్కింది అన్నవి అడగదగిన ప్రశ్నలు. వనమే వుండకూడదన్నది నా వాదన కాదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం మా ఊరు. మా హయత్‌నగర్ పక్కనే, విజయవాడ రోడ్డు మీద, మహావీర్ హరిణ వనస్థలి వుంది. నిజాం కాలంలో వేటస్థలం. 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆయన పేరు పెట్టి జింకల వనం చేశారు. 1994లో జాతీయవనమయింది. 14.59 చదరపు కిలోమీటర్లు. అంటే మన్యారా పక్కన పెడితే అరచేయంత. కానీ వేటస్థలం వనమైన వరస అదే. అక్కడ దొర, ఇక్కడ దొరగారి దొర, అంతే తేడా. లోపల వున్నది కృష్ణజింక. కాళిదాసు శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడి రథం ముందు పరిగెత్తేదీ జింకే. మనుస్మృతి, ఏ నేల మీద కృష్ణమృగం సహజంగా తిరుగుతుందో అదే యజ్ఞయోగ్యమైన దేశమంది. మనువు లెక్కన మా ఆటోనగర్ లారీషెడ్లూ, మెకానిక్ కుర్రాళ్లూ పరమ పవిత్రభూమిలో వున్నారన్నమాట. 2014లో తెలంగాణ వచ్చాక మన రాష్ట్రజంతువు చుక్కలజింక అయింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. మా జింకలకు ఈ విభజన సంగతి తెలియదు.

ఆ గోడ లేకపోతే ఆ పధ్నాలుగు కిలోమీటర్లు ఏమయివుండేవో ఎల్.బి. నగర్ నుంచి హయత్‌నగర్ దాకా బస్సులో కూర్చుని కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. ప్లాట్లయివుండేవి. కనుక గోడను నేను కాదనను. జంతువు మీద దయ పెటీబూర్జువా లక్షణమని కొట్టిపారేసే మిత్రులతో నాకు పేచీ వుంది. జింకను తినేది ఎప్పుడూ పేదవాడి ఆకలి కాదు, భూమి ధర. నల్లమలలో ఇది ఇంకా స్పష్టం. 1983లో అక్కడ పులుల అభయారణ్యం వచ్చింది. పులి పేరు చెప్పి చెంచుల్ని పెంటల్లోంచి కదలమన్నారు. 2019లో అదే అమ్రాబాద్ అడవిలో యురేనియం వెతకడానికి అనుమతుల కాగితాలు కదిలాయి. అప్పుడు పులి ఎవరికీ గుర్తురాలేదు. అడ్డం నిలబడ్డది చెంచులూ, వాళ్లతో కలిసిన జనమూ. శాసనసభ వద్దని తీర్మానించింది ఆ తర్వాతే. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి వేటను అంత ఇష్టంగా రాసినప్పుడు, అడవి ఎవరిదన్న విషయంలో ఆయనకు అనుమానం లేదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల 1983లో వచ్చింది. అందులో అడవి చాలా వుంది, జంతువులున్నాయి, వాగులున్నాయి. అన్నిటికీ మనిషి పేర్లతో చుట్టరికం వుంది. అడవిని వర్ణించడం అభ్యుదయం కాదని భయపడేవారు ఆ నవల మళ్లీ చదవాలి.

యాత్రారచనకు కూడా మనకు నమూనా లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా మద్రాసు నుంచి కాశీ వెళ్లి వచ్చాడు. 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. కంపెనీ కొలువులో వున్నవాడు, కంపెనీ పాలన మీద భక్తి వున్నవాడు, ఆచారవంతుడు. మన దృక్పథానికి ఎక్కడా సరిపోడు. కానీ ఆయన ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో దుకాణాలున్నాయి, దారి ఎలాంటిది, ఎక్కడ ఏం సుంకం అడిగారు, పల్లకీ మోసే బోయీలకు ఎక్కడ కష్టమయింది, ఇవన్నీ రాశాడు. పల్లకీలో కూర్చున్నవాడికి పల్లకీ మోసేవాడు కనిపించాడు. రెండు వందల ఏళ్ల తర్వాత జీపులో కూర్చున్నవాడికి జీపు తోలేవాడి పలువరుస కనిపించింది.

మనకు ఆఫ్రికా కొత్త కూడా కాదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. చెరకుతోటల కూలికి ఒప్పందం మీద పోయినవారి తొలి ఓడ అది. అందులోనూ, ఆ తర్వాత వచ్చిన ఓడల్లోనూ తెలుగువారున్నారు. వారి పిల్లలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆఫ్రికా నేల మీద తెలుగువాడు మొదట వేసిన అడుగు చూడడానికి వేసింది కాదు, నరకడానికి వేసింది. చెరకు నరికిన చేతుల మనవళ్లు ఎవరైనా ఒక సఫారీ వ్యాసం రాస్తే చదవాలని వుంది.

మొదట్లో నా వాటా చెబుతానన్నాను. పన్నెండేళ్ల క్రితం, అప్పటి తొమ్మిదో తరగతి పిల్లల్ని హరిణ వనస్థలికి తీసుకుపోయాను. తిరిగొచ్చాక "నేను చూసిన వనం" అని వ్యాసం రాయమన్నాను. ప్రకృతివర్ణన వుండాలి, ఉపమానాలుండాలి అని చెప్పాను. అందరూ నేను చెప్పినట్టే రాశారు. జింకలు బాణాల్లా దూసుకుపోయాయి, నెమళ్లు పురి విప్పాయి. ఒక కుర్రాడు మాత్రం తన తాత గురించి రాశాడు. తాత గొర్లు కాసేవాడట. ఆ గుట్టల వైపు తోలుకుపోయేవాడట. జింకలు వచ్చి గొర్ల మందలో కలిసి మేసేవట, సాయంత్రం మంద మళ్లితే అవి విడిపోయేవట. ఏ గడ్డిని గొర్రె తింటుంది, ఏ గడ్డిని జింక తింటుంది, రెండూ తిననిదేది అని తాత చెప్పిన మాటలు సగం పేజీ రాశాడు. భాష ఇంటిభాష, వాక్యాలు వంకరటింకర. నేను ఎర్ర సిరాతో "విషయం తప్పింది" అని రాసి పదికి మూడు వేశాను.

కృష్ణజింక చిక్కటి అడవి జంతువు కాదు, పచ్చికబయలు జంతువు. చెట్లు నాటితే దానికి సుఖం కాదు, గడ్డి వుంటే సుఖం. జాతీయవనంలో పశువుల మేపు చట్టం ప్రకారం నిషేధం. గడ్డి, గొర్రె, జింక, కాపరి, ఈ నాలుగింటికీ వున్న లెక్క ఏమిటన్నది ఇప్పుడు చదువుకున్నవారు పరిశోధన చేస్తున్న విషయం. పదమూడేళ్ల పిల్లవాడు అది నా బల్ల మీద పెట్టాడు. నేను ఉపమాలంకారం కోసం వెతికాను. హయత్‌నగర్‌లో, హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన మసీదు పక్కనే ఏనుగుబావి వుంది, హాథీ బావడి అంటారు. ఆ బావి పక్కనుంచి రోజూ బడికొచ్చే పిల్లలకు మన్యారా ఏనుగుల వ్యాసం చదివి వినిపించినవాణ్ని నేనే.

ఆ కుర్రాడు ఇప్పుడు క్యాబు తోలుతున్నాడు. మొన్న పనామా చౌరస్తా దగ్గర కనిపించి, "సార్, ఎక్కుండ్రి" అని ఇంటిదాకా దింపాడు. డబ్బులు తీసుకోలేదు. ఈమధ్య ఒక కుటుంబాన్ని శంషాబాద్‌లో దించినానని, వాళ్లు సింహాలు చూడ పోతున్నరని చెప్పాడు. ఆ వ్యాసం సంగతి ఎత్తితే నవ్వి, "మీకింకా యాదున్నదా సార్" అన్నాడు. తాత పోయి ఆరేళ్లయిందట. ఆ గడ్డి పేర్లు గుర్తున్నాయా అని అడిగాను. కారు పక్కకు ఆపి, కాసేపు ఆలోచించి మూడు చెప్పాడు. గరిక, బోద నాకు తెలుసు. మూడోది ఆయన పలికినట్టే చిట్టీ మీద రాసుకున్నాను. ఇంటికొచ్చి సూర్యరాయాంధ్ర నిఘంటువు తిరగేశాను. ఆ మాట అందులో లేదు.